దిగ్బంధంలో హైదరాబాదు, 1948: విదేశీ సాయం, సింగరేణి బొగ్గు

1947 నవంబరు 29న నిజాం ప్రభుత్వానికీ భారత ప్రభుత్వానికీ మధ్య కుదిరిన యథాతథ ఒప్పందం, అంటే బ్రిటిషు కాలపు ఏర్పాట్లను ఏడాదిపాటు ఉన్నవి ఉన్నట్లే సాగనిచ్చే ఒడంబడిక, కొద్ది నెలలకే నీరుగారిపోయింది. తెలంగాణ పల్లెల్లో ఒకవైపు రైతాంగ సాయుధ పోరాటం, మరోవైపు కాశిం రజ్వీ నడిపిన నిజాం అనుకూల దళమైన రజాకార్ల దాడులు సాగుతుండగానే, సంస్థానపు సరిహద్దుల వద్ద సరుకుల రాక బిగుసుకుపోయింది. ఇది దిగ్బంధమని భారత ప్రభుత్వం ఒప్పుకోలేదు. నిజాం ప్రభుత్వం మాత్రం మందులకూ, తాగునీటిని శుద్ధిచేసే క్లోరిన్‌కూ కటకట వచ్చిపడిందని మొరపెట్టుకున్నది.

ఓడరేవు లేని రాజ్యాన్ని చుట్టుముట్టినప్పుడు ఏది ఆగుతుంది, ఏది ఆగదు అన్నది ఇక్కడ ముందుగా గమనించాలి. బొగ్గు బయటినుంచి రావలసిన పని లేదు, ఎందుకంటే 1945లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చిన సింగరేణి కాలరీస్ కంపెనీ కొత్తగూడెం, బెల్లంపల్లి గనులు సంస్థానం లోపలే ఉన్నాయి. రైలింజన్లకూ, హుస్సేన్‌సాగర్ థర్మల్ కేంద్రానికీ ఇంధనం ఇంట్లోనే దొరికినా, పెట్రోలు, మందులు, ఆయుధాలు సరిహద్దు దాటి రావలసిందే.

అయితే విదేశాలతో సంబంధాల్లో నిజాం ప్రభుత్వం తీసుకున్న తొలి పెద్ద నిర్ణయం సాయం కోరడం కాదు, ఇవ్వడం: 20 కోట్ల రూపాయల భారత ప్రభుత్వ సెక్యూరిటీలను, అంటే రుణపత్రాలను, పాకిస్తాన్‌కు అప్పుగా సమకూర్చింది. ఆ తరువాత 1948 వేసవి నుంచి ఆస్ట్రేలియా వైమానికుడు సిడ్నీ కాటన్, లాంకాస్టర్ బాంబర్ నమూనా మీద తయారైన లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి ఆయుధాలు చేరవేశాడు. మధ్యవర్తిత్వం కోరిన నిజాంకు అమెరికా ప్రభుత్వం చేయూతనివ్వలేదు. రోగుల కోసం మందులు అడుగుతున్న ప్రభుత్వమే దొంగచాటుగా తుపాకులు దింపుకోవడం, ఆ మందుల అభ్యర్థనకు తీరని చేటు చేసిందనే చెప్పాలి. ఔషధానికీ ఆయుధానికీ నడుమ గీత చెరిపివేసినవారు ఎవరైనా, నష్టపోయింది నగరంలోని సామాన్యులే. రజాకార్ల దాడులకు గురైన పల్లెల గోడు ఏ విదేశానికీ చేరలేదు. ఆ పల్లెల తరఫున అర్జీ పెట్టే రాయబారి ఎక్కడా లేడు.

1948 ఆగస్టు 21న హైదరాబాదు ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి తంతి పంపింది. సభ్యత్వం లేని రాజ్యం కూడా వివాదాన్ని మండలి దృష్టికి తేవచ్చునన్న సమితి నియమావళి 35వ అధికరణ దానికి ఆధారం. హైదరాబాదు అసలు రాజ్యమే కాదన్నది భారతదేశం వాదన. హైదరాబాదుపై భారత సైనిక చర్య మొదలైన మూడు రోజులకు, సెప్టెంబరు 16న, పారిస్‌లో సమావేశమైన మండలి ఎనిమిది ఓట్లతో ఈ అంశాన్ని చర్చకు చేర్చుకున్నది. మూడు దేశాలు తటస్థంగా ఉన్నాయి. మరునాడే సంస్థాన సైన్యం లొంగిపోయింది, 22న నిజాం ఫిర్యాదును ఉపసంహరించుకుంటూ తంతి పంపాడు. రాజ్యమా, కాదా అన్న ప్రశ్న దగ్గరే వాదనంతా నిలిచిపోగా, క్లోరిన్ కొరత నిజానిజాలను తేల్చే విచారణ ఆ మండలిలో జరగనేలేదు.