కారణాలు వేరైనా కలిసిన బాట: ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయం

నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. అక్కడి అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి, చెంచు గిరిజనుల ఆవాసాలైన పెంటలకు ముప్పు కళ్లెదుట కనబడుతున్నప్పుడు పార్టీలు ఒక్కమాట మీదికి త్వరగానే వచ్చాయి. వద్దనడంలో కుదిరే ఐకమత్యం అది. ఏళ్ల తరబడి డబ్బు, సిబ్బంది, ఓర్పు అవసరమైన పనిని ప్రభుత్వాలు మారినా నిలబెట్టుకోవడం అంతకన్నా చాలా కష్టం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం, అంటే రసాయనాలు వాడని సాగు, అలా నిలబడింది.

గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ 2000లో తెలుగుదేశం హయాంలో పుట్టింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లా పునుకుల వంటి ఊళ్లు అప్పటికే చూపిన పురుగుమందుల్లేని సాగును 2004 తర్వాత కాంగ్రెస్ ప్రభుత్వంలో ఆ సంస్థే మహిళా సంఘాల ద్వారా విస్తరించింది. 2016లో తెలుగుదేశం ప్రభుత్వం కింద రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయాన్ని చేపట్టింది. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచాక కార్యక్రమం పేరు మారింది కానీ పని ఆగలేదు. 2024లో వచ్చిన కూటమి ప్రభుత్వమూ కొనసాగిస్తోంది. ఆ 2019లోనే అమరావతి పనులు నిలిచిపోయాయి, అన్న క్యాంటీన్లు మూతపడ్డాయి. అది గుర్తుంటే ఈ కొనసాగింపు ఎంత అరుదైనదో అర్థమవుతుంది.

ఇది ఎలా సాధ్యమైంది? పర్యావరణం కోసం త్యాగం చేయమని ఇక్కడ రైతును ఎవరూ అడగకపోవడమే కారణమన్నది నా నిశ్చితాభిప్రాయం. పత్తికి, మిరపకు మందులు అరువు తెచ్చి, పంట ఆ దుకాణానికే అప్పగించే రైతుకు పెట్టుబడి తగ్గే దారి చూపారు. ఆవు పేడ, మూత్రంతో చేసే జీవామృతంలో సంప్రదాయాన్ని చూసేవారున్నారు, కంపెనీల మీద ఆధారపడని సాగును చూసేవారున్నారు, నేలలో పెరిగే కర్బనాన్ని లెక్కించేవారూ ఉన్నారు. వారి సిద్ధాంతాలు కలవలేదు, కలవాల్సిన పనీ లేకపోయింది. పైగా ఊళ్లో నేర్పేది సాటి రైతే. కార్యక్రమాన్ని పట్టి నడిపేవి ఏ జెండా కిందా లేని మహిళా సంఘాలు. శ్రీలంక 2021లో రసాయన ఎరువులను ఒక్కసారిగా నిషేధించి, కొద్ది నెలల్లోనే వెనక్కి తగ్గింది. ఇక్కడ నిషేధం లేదు, ఇష్టమున్నవారే మారారు.

అయితే పార్టీల ఏకాభిప్రాయం శాస్త్రీయ రుజువు కాదు. 2024 నాటికి 60 లక్షల మంది రైతులను చేరుతామని 2018లో ప్రకటించిన లక్ష్యం అందలేదు. రైతుకు అదనపు లాభం రుజువు కాలేదని 2019లో జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ అభ్యంతరం తెలిపింది. 2024లో ఈ కార్యక్రమానికి దక్కిన అంతర్జాతీయ గుల్బెంకియన్ పురస్కారం గర్వించదగినదే, కానీ ఆ అభ్యంతరానికి అది జవాబు కాదు. దిగుబడి, ఖర్చు, నేలసారం మూడింటినీ స్వతంత్ర శాస్త్రవేత్తలు కొలిచి, ఆ లెక్కలు ఏటా శాసనసభ ముందుంచే ఏర్పాటుకు అధికార, ప్రతిపక్షాలు రెండూ ఒప్పుకోవాలి.