పరాకుకూ ఒక తారీఖ్ ఉంది

చిన్నప్పుడు అమ్మీ ఉప్పు తెమ్మని పంపితే, మా మండపేట రైసు మిల్లు ముందు లారీకి బస్తాలు ఎత్తడం చూస్తూ నిలబడిపోయేవాణ్ణి. చీకటి పడ్డాక ఇల్లు చేరితే చేతిలో ఉప్పూ ఉండేది కాదు, చిల్లరా ఉండేది కాదు. దెబ్బలు తిన్నాను. తావీజు కట్టించారు, దమ్ చేసిన నీళ్లు తాగించారు. నలభై దాటినా కరెంటు బిల్లు మర్చిపోవడం, పని సగంలో వదిలేయడం, చిన్న మాటకే గుస్సా నన్ను వదల్లేదు.

నిరుడు మా అబ్బాయిని కాకినాడలో మానసిక వైద్యుడికి చూపించాం. ఏడీహెచ్‌డీ అని చెప్పి, ఆయన నా వైపు తిరిగారు. “మరి మీ సంగతేంటండీ?”

ఈ ఉమర్‌లోనా అని హైరాన్ అయ్యాను. ఇంటికొచ్చి ఈ బీమారీ తారీఖ్ వెతికాను.

తవజ్జో ఒకచోట నిలవనివాళ్ల గురించి 1798లోనే స్కాట్లండ్ డాక్టర్ అలెగ్జాండర్ క్రైటన్ తన కితాబులో రాశాడు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ ఇలాంటి పిల్లల మీద ఉపన్యాసాలిచ్చాడు. దవా మాత్రం ఇత్తెఫాక్‌గా దొరికింది. అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ పిల్లలకు తలనొప్పి తగ్గాలని బెంజెడ్రిన్ ఇచ్చాడు. నొప్పి సంగతి ఎలా ఉన్నా, చాలామంది చదువులో కుదురుకున్నారు. ఆ మాట ఆయన 1937లో ప్రకటించాడు. 1944లో స్విట్జర్లండ్‌లో సీబా కంపెనీ రసాయన శాస్త్రవేత్త లియాండ్రో పానిజాన్ మెథైల్‌ఫెనిడేట్ తయారుచేశాడు. ఆయన బీవీ ముద్దుపేరు రీటా. రిటాలిన్ అన్న పేరు అలా వచ్చింది.

ఇదంతా బచ్చాల కోసమే. పెద్దయితే అదే పోతుందని డాక్టర్ల యకీన్. 1976లో యూటా యూనివర్సిటీకి చెందిన పాల్ వెండర్, ఆయన సాథీలు పెద్దవాళ్లకు ఇలాజ్ చేసి చూసిన ఫలితాలు బయటపెట్టారు. పేషెంటు బచ్‌పన్ గురించి తల్లిదండ్రుల్ని కూడా అడగడం వెండర్ పద్ధతి.

మా డాక్టరూ అమ్మీని పిలిపించారు. ఆమె ఉప్పు కిస్సా నవ్వుతూ మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. “బేటా, కావాలనే చేస్తున్నావనుకుని కొట్టాను రా” అంది. ఆ రోజు మందు చీటీ కన్నా ఆ మాటే నాకు ఎక్కువ పనిచేసింది.

ఇప్పుడు పెద్దవాళ్లకు మూడు దారులున్నాయి. ఒకటి మెథైల్‌ఫెనిడేట్ లాంటి ఉత్తేజక మందులు. ఇవి త్వరగా పనిచేస్తాయి గానీ ఆకలి, నిద్ర తగ్గొచ్చు, బీపీ, గుండె వేగం పెరగొచ్చు. మన దేశంలో ఇది 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కిందకు వస్తుంది కాబట్టి డాక్టర్ చీటీ తప్పనిసరి. రెండోది అటామాక్సెటిన్. ఇది ఉత్తేజక మందు కాదు, అసర్ తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. మూడోది కౌన్సెలింగ్: రోజును ముక్కలుగా పంచుకోవడం, రాసుకోవడం, అలారం పెట్టుకోవడం. థైరాయిడ్, నిద్రలేమి, ఉదాసీ కూడా ఇలాగే కనిపించొచ్చు. అందుకే తష్ఖీస్ సొంతంగా చేసుకోవద్దు.

రంజాన్‌లో గోలీ ఎప్పుడు వేసుకోవాలో ముందే డాక్టర్‌ను అడగండి, మీకు మీరే ఆపేయకండి. ఎవరిని కలవాలో తెలియకపోతే టెలీమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, పైసా ఖర్చు లేదు.

దుఆ మానమని నేననను. దుఆతో పాటు దవా కూడా. మీ ఇంట్లో ఉప్పు మర్చిపోయి వచ్చే పిల్లాడుంటే, చెయ్యెత్తే ముందు ఒక్క నిమిషం సబర్ చేయండి. వాడు కావాలని చేయట్లేదేమో.