భుజాలు తడుముకున్న రాజు

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని మనకో సామెత ఉంది. ఆ దొంగను ఎవరూ పట్టుకోలేదు, కొట్టలేదు, నిలదీయలేదు. తనంతట తనే బయటపడ్డాడు. మన పెద్దలు ఒక్క ముక్కలో తేల్చేసిన ఈ సంగతినే ఇంగ్లండులో షేక్స్పియర్ అయిదంకాల నాటకంగా రాశాడు. అదే హామ్లెట్.

కథ మీకు తెలిసిందే. డెన్మార్కు రాజును సొంత తమ్ముడు క్లాడియస్ చంపేసి, సింహాసనం ఎక్కి, వదినగారైన గెర్ట్రూడ్ రాణిని పెళ్ళాడతాడు. తండ్రి చావుకు కొడుకు హామ్లెట్ పగ తీర్చుకోవాలి. పైకి చూస్తే ఇంతే. కాని ఈ కథకో చరిత్ర ఉంది.

షేక్స్పియర్‌కు నాలుగువందల ఏళ్ళ ముందు, 1200 ప్రాంతంలో, సాక్సో గ్రమాటికస్ అనే డెన్మార్కు పండితుడు లాటిన్ భాషలో తమ దేశ చరిత్ర రాశాడు. ఈ కథ అందులోది. అక్కడ కుర్రవాడి పేరు ఆమ్లెత్, పినతండ్రి పేరు ఫెంగ్. ఈ ఫెంగ్ హత్యను దాచనేలేదు! సాధువైన ఇల్లాలిని మా అన్న ద్వేషిస్తున్నాడు, ఆమెను కాపాడడానికే చంపాను అని దర్జాగా చెప్పుకున్నాడు. సభలో వాళ్ళు నమ్మేశారు. ప్రాణం దక్కించుకోవడానికి వేషం వేయాల్సింది కుర్రవాడే కనక వాడు పిచ్చివాడిలా నటించాడు. చివరికి, తాగి పడిపోయిన సభికుల మీద తన తల్లి అల్లిన తెరను లాగి కప్పేసి, కదలకుండా బిగించి, మహలుకు నిప్పంటించాడు. పినతండ్రిని నరికి తాను రాజయ్యాడు. పగ తీరింది. ఎవరి మనసులోనూ పెద్ద తుఫాను లేదు.

1570లో బెల్‌ఫొరే అనే ఫ్రెంచి రచయిత దీన్ని తిరగరాస్తూ, భర్త బతికుండగానే రాణికి మరిదితో సంబంధం ఉందని ఒక నింద జోడించాడు. తర్వాత లండన్‌లో ఎవరో దీన్ని నాటకం కట్టారు. ఆ నాటకం మనకు దక్కలేదు గాని, అందులో దయ్యం పగ, పగ అంటూ వీధిలో ఆల్చిప్పలమ్మే ఆవిడలా కేకలు పెట్టేదని 1596లో ఒకాయన వెక్కిరించాడు!

1600 ప్రాంతంలో కథ షేక్స్పియర్ చేతికి వచ్చింది. ఆయన నాటకంలో హత్య రహస్యం. తోటలో నిద్రపోతున్న అన్న చెవిలో తమ్ముడు విషం పోశాడు. పాము కరిచిందని లోకానికి చెప్పాడు. ఈ ఒక్క మార్పుతో కథంతా మారిపోయింది. దాచుకోవలసిన తప్పు ఉన్న ఇంట్లో ప్రతి మనిషీ ఏదో ఒక వేషం కట్టక తప్పదు గదా!

ఒఫీలియానే చూడండి. హామ్లెట్ ప్రేమించిన పిల్ల. తండ్రి పొలోనియస్ ఆమె చేతికి ప్రార్థన పుస్తకమిచ్చి, చదువుతున్నట్టు నటించమని నిలబెట్టి, రాజుతో సహా చాటున దాక్కుంటాడు. పైగా భక్తి ముసుగులో పాపాన్ని దాచడం లోకంలో మామూలేనంటాడు. ఆ మాట రాజుకు చురుక్కుమంటుంది. నా బతుకూ అంతే గదా అని లోలోపల విలవిల్లాడతాడు. అతని గుట్టు రట్టు చేయడానికి హామ్లెట్ ఆడించబోయే నాటకం ఇంకా మొదలే కాలేదు, ఈయన అప్పుడే భుజాలు తడుముకున్నాడు!

మీ నాన్నగారెక్కడ అని హామ్లెట్ అడిగితే ఇంట్లో ఉన్నారంటుంది ఒఫీలియా. పెద్దలు ఆడించిన అబద్ధం అది. తర్వాత ఆ తండ్రి రాణిగారి గదిలో తెర వెనక నక్కి హామ్లెట్ కత్తికే బలైపోతాడు. ఒఫీలియాకు మతి చలించి నీళ్ళలో పడి పోతుంది. హామ్లెట్‌ది నటించిన పిచ్చి. పాపం, ఆ పిల్లది నిజం పిచ్చి.

ఇక నాటకంలో నాటకం. చెవిలో విషం పోసే కథనే హామ్లెట్ రాజు ఎదుట ఆడిస్తాడు. దానికి ఎలకబోను అని పేరు కూడా పెడతాడు. రాజు కూర్చోలేక లేచిపోతాడు. ఒంటరిగా మోకరిల్లి దేవుణ్ణి క్షమాపణ అడగబోతాడు. కాని కిరీటమూ కావాలి, రాణీ కావాలి, క్షమాపణా కావాలి. దొంగసొమ్ము చేతిలో ఉంచుకుని దండం పెడితే ఏం లాభమన్న సంగతి అతనికే తెలుసు. చూశారా, ఫెంగ్‌కు లేని నరకం ఇతనికుంది.

మరి గెర్ట్రూడ్‌కు హత్య సంగతి తెలుసా? 1603లో అచ్చయిన మొదటి ప్రతిలో, నాకేమీ తెలియదని ఆవిడ కొడుకు ముందు ఒట్టు పెట్టుకుంటుంది. ఆ ప్రతి ఎలా తయారైందన్నది పండితుల మధ్య నేటికీ తెగని తగువే. తర్వాత వచ్చిన పెద్ద ప్రతుల్లో, 1623 నాటి సంపుటంలో, ఆ ఒట్టు కనిపించదు. రాజును చంపడమా అని విస్తుపోతుంది, తన మనసులోని నల్ల మచ్చలు చూసుకుని కుమిలిపోతుంది, అంతే. మొగుడు పోయిన రెండు నెలలైనా కాకుండా మరిదిని చేసుకున్నందుకా ఆ కుములుబాటు, ఇంకేమైనా ఉందా? తేల్చుకోవడం మనకే వదిలేశారు. నాకు మాత్రం ఆవిడ అడగవలసిన ప్రశ్న అడగకుండా బతికిన మనిషిలా కనిపిస్తుంది. అలాంటివాళ్ళు మన ఎరికలో లేకపోలేదు.

చివరి అంకంలో హామ్లెట్ కోసం కలిపి ఉంచిన విషపు పాత్రను రాణి చేతిలోకి తీసుకుంటుంది. తాగవద్దంటాడు రాజు. ఎందుకో చెప్పడు. విషం ఉందని ఒక్క మాట అంటే ఆవిడ బతుకుతుంది. కాని తన గుట్టు బయటపడుతుంది. ఎవరి కోసమైతే అన్నను కూడా చంపాడో, ఆ మనిషి కళ్ళెదుట తాగేస్తుంటే నోరు మెదపలేకపోయాడు. ఆవిడ ఒరిగిపోతుంటే కూడా, నెత్తురు చూసి మూర్ఛపోయిందని బొంకాడు.

అదే సభలో, కత్తికి విషం పూసిన లేర్టీస్ చచ్చిపోయేముందు తప్పు ఒప్పుకుంటాడు. హామ్లెట్ క్షమిస్తాడు. నోరు విప్పినవాడికి ఆ పాటి శాంతి దక్కింది. రాజుకు అదీ లేదు.

ఎప్పుడైనా ఈ నాటకం చదివినా, తెరమీద చూసినా, కత్తులు తిప్పే కుర్రాళ్ళను కాసేపు వదిలేయండి. రాణి చేతిలోని పాత్రనూ, పక్కన కూర్చున్న రాజు మొహాన్నీ చూడండి.