యుద్ధం వాకిట్లో విశ్వవిద్యాలయం: చిత్తూరు సీమ బిడ్డల కథ

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం రేవు మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖలో జనం మూటాముల్లె సర్దుకుని పల్లెల దారి పట్టారు. ఆ ఊళ్లోనే, సముద్రానికి ఎదురుగా వాల్తేరు మిట్ట మీద ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉంది. అప్పుడు దాని వైస్ ఛాన్సలర్ అరవై ఒక్కేళ్ల కట్టమంచి రామలింగారెడ్డి. ఆయన పుట్టిన కట్టమంచి ఇప్పుడు చిత్తూరు పట్నంలో కలిసిపోయింది.

అదే ఏడాది కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉన్నవారు సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన తిరుత్తణిలో పుట్టారు, తిరుపతిలోని లూథరన్ మిషన్ బడిలో చదువుకున్నారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక తిరుత్తణి అందులోనే ఉండేది. 1960లో గాని మద్రాసు రాష్ట్రానికి పోలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో నలిగిన రెండు పెద్ద ప్రాంగణాలను మోసినవాళ్లు ఇద్దరూ మన సీమ మనుషులే. వాళ్ల సొంత గడ్డ మీద మాత్రం అప్పటికి విశ్వవిద్యాలయం లేదు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడవలసిన అవసరం ఉందని నాకు చాలాకాలంగా అనిపిస్తూ ఉంది.

నిజానికి యుద్ధం మన జిల్లాలో కాలేజీ గడప తొక్కింది మొదటి ప్రపంచ యుద్ధం నాడే. 1915లో అనిబిసెంట్ మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల పెట్టారు. అంతకు ముందు ఏడాదే జర్మన్ నౌక ఎండెన్ మద్రాసు మీద గుండ్లు కురిపించి పోయింది. యుద్ధం ముగిసేదాకా నోరెత్తవద్దని ప్రభుత్వం అంటుంటే, యుద్ధంలో మా బిడ్డల నెత్తురు కావాలంటే మాకు స్వపరిపాలన ఇవ్వండని అడగడమే హోంరూల్ ఉద్యమం. ఆ ఉద్యమానికి అనిబిసెంట్ నాయకురాలు, ఈ కాలేజీకి తల్లి కూడా ఆమే. అలాంటప్పుడు ప్రాంగణం ఊరకే ఉంటుందా?

అక్కడికి వచ్చిన అధ్యాపకుల్లో ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ ఒకరు. ఆయన మొదట బిసెంట్ నడిపే ‘న్యూ ఇండియా’ పత్రికలో పనిచేసేవారు. 1916లో డబ్లిన్‌లో జరిగిన తిరుగుబాటును మెచ్చుకుంటూ రాసినందుకు ఆ కొలువు పోయింది. బిసెంట్ ఆయన్ను మదనపల్లెకు పంపారు. తర్వాత ఆయన ఆ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. సొంత దేశపు స్వేచ్ఛ కోసం రాసి ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి మదనపల్లె పిల్లలకు పాఠాలు చెప్పాడంటే, ఆ తరగతి గది ఎట్లా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

1917 జూన్‌లో ప్రభుత్వం బిసెంట్‌నూ, ఆమె సహచరులు అరండేల్, వాడియాలనూ ఉదకమండలంలో నిర్బంధించింది. విద్యార్థులు రాజకీయ సభలకు పోకూడదన్నది ప్రభుత్వం మాట. మదనపల్లె పిల్లలు ఆ మాట వినలేదు. మద్రాసు విశ్వవిద్యాలయం కాలేజీకి గుర్తింపు తీసేసింది. పట్టా రాని కాలేజీకి పిల్లల్ని ఎవరు పంపుతారన్న లెక్కతో వేసిన దెబ్బ అది. దివ్యజ్ఞాన సమాజం వాళ్లు అడయారులో జాతీయ విశ్వవిద్యాలయం పెట్టుకుని మదనపల్లెను దాని కిందికి తెచ్చుకున్నారు. దానికి ఛాన్సలర్ రవీంద్రనాథ్ ఠాగూర్.

ఠాగూర్ 1919 ఫిబ్రవరి చివర్లో మదనపల్లెలో బస చేసి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన సంగతి, కజిన్స్ భార్య మార్గరెట్ దానికి స్వరలిపి కట్టిన సంగతి అందరికీ తెలుసు. ఆయన అక్కడికి వచ్చింది యుద్ధకాలంలో పట్టా హక్కు పోగొట్టుకుని నిలబడ్డ కాలేజీకన్న సంగతి మాత్రం మనం చెప్పుకోం. పాట కథలో కాలేజీ కథ కలిసిపోయింది. నా మటుకు నాకు రెండోది కూడా అంతే గొప్పది.

ఇక విశ్వవిద్యాలయం సంగతి. 1926లో చట్టమై బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు మొదటి వైస్ ఛాన్సలర్ రామలింగారెడ్డే. కేంద్రం ఎక్కడుండాలన్న పేచీలో బెజవాడ, రాజమండ్రి, అనంతపురం అని ఎన్నో పేర్లు నలిగి, చివరికి వాల్తేరుకు స్థిరపడింది. తిరుపతి నుంచి మద్రాసు పోవడం ఒక పూట ప్రయాణం. వాల్తేరు పోవాలంటే తెలుగు దేశమంతా దాటాలి. రాయలసీమ కాలేజీలు మద్రాసు విశ్వవిద్యాలయం కిందనే నడిచాయి. 1937 నవంబరులో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురంలో ఒక విశ్వవిద్యాలయ కేంద్రం పెడతామని రాసుకున్నారు. రెండేళ్లు తిరక్కుండానే యుద్ధం వచ్చింది. ఆ మాట కాగితం మీదనే ఉండిపోయింది.

1930లో ఉప్పు సత్యాగ్రహం మీద ప్రభుత్వం సాగించిన దమనకాండను నిరసిస్తూ రామలింగారెడ్డి వైస్ ఛాన్సలర్ పదవికి రాజీనామా ఇచ్చారు. 1931లో ఆ స్థానంలోకి వచ్చినవారు రాధాకృష్ణన్. ఆయన 1936లో ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లాక రెడ్డిగారు మళ్లీ వచ్చి 1949 దాకా ఉన్నారు. ఒకరి తర్వాత ఒకరు, ఇద్దరూ మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివినవాళ్లు. ఆ కుర్చీ ఇరవై మూడేళ్లపాటు మన వాళ్ల చేతుల్లోనే ఉంది.

బాంబులు పడ్డాక వాల్తేరు భవనాలు సైన్యం చేతికి పోయాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. ఇది చెప్పినంత తేలిక పని కాదు. పుస్తకాలు పెట్టెల్లో సర్దుకుని పోవచ్చు. చరిత్ర పాఠం ఏ చెట్టు కింద చెప్పినా చరిత్రే. కాని గ్యాసు గొట్టాలూ, నీటి ధారా, కరెంటూ లేనిదే రసాయనశాల నడవదు. వాల్తేరులో అప్పుడు రసాయన శాస్త్రానికి టి.ఆర్. శేషాద్రి, భౌతిక శాస్త్రానికి సూరి భగవంతం ఉన్నారు. వాళ్లు పరాయి ఊళ్లో ఇరుకు గదుల్లో సర్దుకుంటూ పని సాగించారు. యుద్ధం ముగిశాకే ప్రాంగణం మళ్లీ వాల్తేరు చేరింది.

అదే 1942లో రామలింగారెడ్డికి సర్ బిరుదు వచ్చింది. దేశమంతా క్విట్ ఇండియా అంటున్న ఏడాదిలో దొరల బిరుదు తీసుకున్నాడని ఆయన్ను తప్పుపట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1930లో కుర్చీ వదిలిన మనిషి 1942లో ఎందుకు వదల్లేదన్నది న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది: 1930లో ఆయన దిగిపోతే విశ్వవిద్యాలయానికి ఇంకో సమర్థుడు దొరికాడు, భవనాలు అక్కడే ఉన్నాయి. 1942లో భవనాలే లేవు. గోడలు పోయిన సంస్థను రోడ్డు మీద వదిలి రాజీనామా ఇవ్వడం కంటే, దాన్ని గుంటూరు చేర్చి పరీక్షలు జరిపించడమే కష్టమైన పని. ఆ పని ఆయన చేశారు. బిరుదు సంగతి చరిత్ర ఎట్లా తేల్చినా, ఈ లెక్క మాత్రం ఆయన పద్దులోనే రాయాలి.

ఇక్కడ ఒక పక్క మాట చెప్పాలి. యుద్ధం రోజుల్లో పట్టభద్రుడికి ఉద్యోగమంటే చాలాసార్లు సైన్యం కొలువే. 1940లో వాల్తేరులో గణితం ఎం.ఏ. పాసైన ఒక కుర్రవాడు పరిశోధన స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెడితే, ఆలస్యంగా వచ్చిందని తీసుకోలేదు. సైన్యపు సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా పోయాడు. ఆ ఉద్యోగమూ రాలేదు. కాని అక్కడ మహలనోబిస్ నడిపే గణాంక సంస్థ గురించి విని, 1941 జనవరిలో అందులో చేరాడు. ఆయనే సి.ఆర్. రావు. 2023లో గణాంక శాస్త్రపు అంతర్జాతీయ బహుమతి అందుకున్నప్పుడు ఆయన వయసు నూరు దాటింది.

వాల్తేరులో ప్రాంగణం చేజారింది, కాశీలో చేజారబోయి ఆగింది. మదన్‌మోహన్ మాలవీయ ఆరోగ్యం చెడి తప్పుకున్నప్పుడు, 1939 సెప్టెంబరులో, ఐరోపాలో యుద్ధం మొదలైన నెలలోనే రాధాకృష్ణన్ కాశీ వైస్ ఛాన్సలర్ పదవిలోకి వచ్చారు. కలకత్తా విశ్వవిద్యాలయంలో కూడా ఆయనకు ఆచార్య పదవి ఉండేది, దాన్ని ఇంకా వదల్లేదు. వారమంతా కలకత్తాలో పాఠం చెప్పి, సెలవు నాళ్లలో రైలెక్కి కాశీ వచ్చి పనులు చూసేవారు. కాశీలో జీతం తీసుకోలేదు.

1942 ఆగస్టులో గాంధీజీ అరెస్టు వార్త రాగానే కాశీ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ప్రాంగణంలోకి సైన్యం దిగింది. ఆ భవనాలన్నీ యుద్ధ ఆసుపత్రికి ఇచ్చేయాలన్నది సంయుక్త రాష్ట్రాల గవర్నరు మారిస్ హాలెట్ ఆలోచన. ఒకసారి ఆసుపత్రి అయితే మళ్లీ ఎప్పుడు విశ్వవిద్యాలయం అవుతుందో ఎవరికీ తెలియదు. రాధాకృష్ణన్ ఢిల్లీకి పరుగెత్తి వైస్రాయి లిన్లిత్‌గోను ఒప్పించి ఆ పని ఆపించారు. గవర్నరు కోపం గ్రాంటు మీద పడింది, డబ్బు ఆగిపోయింది. అప్పుడు ఆయన ఊళ్లు తిరిగి విరాళాలు పోగుచేశారు. రాధాకృష్ణన్ అనగానే మనకు తలపాగా, ఉపన్యాసం, ఉపాధ్యాయ దినోత్సవం గుర్తుకొస్తాయి. చందాల కోసం జోలె పట్టిన వైస్ ఛాన్సలర్ ఎందుకో గుర్తుకు రాడు. ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే దగ్గరగా తోచే ఘట్టం అదే.

ఇంతలో తిరుపతి ఏం చేస్తున్నట్టు? దేవస్థానం 1939లో ప్రాచ్య పరిశోధనా సంస్థను పెట్టింది, మరుసటి ఏడు దాని పత్రిక మొదలైంది. 1944లో కొండకు మొదటి ఘాట్ రోడ్డు తెరిచారు. 1945లో శ్రీ వేంకటేశ్వర కళాశాల వచ్చింది. బయట యుద్ధం నడుస్తుంటే తిరుపతిలో హుండీ డబ్బు రోడ్డుగా, కాలేజీగా మారుతూ వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రిగా ఉండగా, 1954 సెప్టెంబరు 2న శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైంది. మొదటి వైస్ ఛాన్సలర్ ఎస్. గోవిందరాజులు నాయుడు. కొండ కింద నేల కూడా దేవస్థానం ఇచ్చిందే. రామలింగారెడ్డి అప్పటికి మూడేళ్ల కిందటే, 1951 ఫిబ్రవరిలో, కన్నుమూశారు. సొంత సీమలో విశ్వవిద్యాలయాన్ని చూసే యోగం ఆయనకు లేకపోయింది.

కొత్త విశ్వవిద్యాలయానికి ఎనిమిదేళ్లు నిండగానే చైనా యుద్ధం వచ్చింది. 1962 అక్టోబరు 26న దేశంలో అత్యయిక స్థితి ప్రకటించిన రాష్ట్రపతి, తిరుపతి మిషన్ బడి పాత విద్యార్థి రాధాకృష్ణన్. ఆ జనవరిలోనే ఆయన ఉపరాష్ట్రపతిగా తిరుపతి వచ్చి కేంద్రీయ సంస్కృత విద్యాపీఠానికి పునాదిరాయి వేసి వెళ్లారు. రక్షణ మంత్రికి అప్పటి శాస్త్ర సలహాదారు ఎవరో కాదు, వాల్తేరులో భౌతిక శాస్త్రం చెప్పిన భగవంతమే. యుద్ధం దెబ్బకు 1963లో దేశమంతటా కాలేజీ అబ్బాయిలకు ఎన్‌సీసీ తప్పనిసరి చేశారు. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె పిల్లలు కూడా ఖాకీ తొడిగారు. 1965లో పాకిస్తాన్ యుద్ధం వచ్చేనాటికి ఆ ఖాకీ వాళ్ల ఒంటి మీదనే ఉంది. 1968లో తప్పనిసరి నిబంధన ఎత్తేశారు, మరుసటి ఏడు ఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది.

రామలింగారెడ్డి, రాధాకృష్ణన్ చేసిన పనులు పుస్తకాల్లో ఉన్నాయి. 1963 నుంచి 1971 యుద్ధం దాకా మన కాలేజీల్లో చదివినవాళ్ల సంగతులు మాత్రం వాళ్ల జ్ఞాపకాల్లోనే ఉన్నాయి. కవాతు మైదానం ఎక్కడ, బూట్లు ఎవరిచ్చారు, రేడియోలో యుద్ధ వార్తలు ఎక్కడ గుంపుగా కూచుని విన్నారు, రక్షణ నిధికి ఎవరు ఏం ఇచ్చారు, ఏ ప్రిన్సిపాల్ ఏం మాట్లాడాడు అన్నది రాసిపెట్టేవాళ్లు కావాలి. వాళ్లిప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ల మనుషులు. మీ ఇంట్లో అలాంటి తాతయ్యో పెదనాన్నో ఉంటే, ఈ వారంలోనే పక్కన కూచుని అడిగి రాసుకోండి. ఎస్వీ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలోనూ, మదనపల్లె కాలేజీలోనూ ఆ రాతలకు ఒక బీరువా కేటాయించాలి.