మన్యం చలిలో లారీ: నర్సీపట్నం – చింతపల్లి దారి చరిత్ర

నర్సీపట్నాన్ని ఆనుకొని వరాహ నది ఒడ్డున ఉన్న బలిఘట్టం, నది అక్కడ ఉత్తరవాహిని కావడం వల్లా, బలి చక్రవర్తి యజ్ఞం చేసిన చోటని స్థలపురాణం చెప్పడం వల్లా, శివక్షేత్రంగా పేరు పొందింది. రవాణా చరిత్ర దృష్టితో చూస్తే మాత్రం ఈ ఊరు మైదానానికి చివరి అంచు. ఇక్కడి నుంచి వాయవ్యంగా సాగే దారి డౌనూరు దాటి ఘాట్ ఎక్కి, సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగి మీదుగా చింతపల్లి చేరుతుంది. ఎత్తు కిలోమీటరు పెరిగితే గాలి ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. దానికి తోడు మబ్బు లేని డిసెంబరు, జనవరి రాత్రుల్లో నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేయడంతో చల్లబడిన బరువైన గాలి కొండవాలుల మీదుగా జారి పల్లాల్లో నిలిచిపోతుంది. అందుకే మైదానంలో పలుచని దుప్పటితో గడిచే రాత్రి, రెండు గంటల ప్రయాణ దూరంలోని లంబసింగిలో సున్నాకు చేరువవుతుంది. ఈ రెండు వాతావరణాలనూ ఒకే రాత్రిలో దాటవలసిన లారీ డ్రైవరు చలికి సిద్ధపడే పద్ధతులను ఏ బడిలోనూ నేర్చుకోలేదు. అవి ఈ దారి మీదే, డ్రైవరు నుంచి క్లీనరుకు అందుతూ వచ్చాయి.

దారి పుట్టుకలోనే కష్టం ఉంది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయాన్ని కట్టడి చేసిన తరవాత అప్పటికే నలిగిపోతున్న మన్యం ప్రజల చేత, 1920ల మొదట్లో గూడెం డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న బాస్టియన్ సరైన కూలి ఇవ్వకుండా ఈ రోడ్డు పని చేయించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి చేయడానికి దారితీసిన కారణాల్లో ఈ రోడ్డు కూలి ఒకటి. ఆ తరవాత ఇదే దారి మీదుగా నడిచిన ప్రతి సరుకు బండీ ఆ కూలీల శ్రమ మీదే నడిచిందన్న సంగతిని మరవకూడదు.

లారీలు రాకముందు సరుకు కావళ్ల మీద, పెరికె ఎద్దుల మీద, ఘాట్ కింద ఎడ్లబండ్ల మీద సాగేది. మైదానపు బండివాళ్లు మన్యంలో రాత్రి బస చేయడానికి జంకేవారు. అందుకు చలి ఒక కారణమైతే, అంతకన్నా పెద్ద కారణం మన్యం జ్వరం అని పిలిచిన మలేరియా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై డీడీటీ చల్లడం గ్రామాలకు చేరాకే ఆ భయం కొంత తగ్గింది.

1954లో జంషెడ్‌పూర్‌లో టాటాల టెల్కో సంస్థ జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో డీజిల్ లారీల తయారీ ప్రారంభించడం, మద్రాసులో అశోక్ లేలాండ్ బండ్లు రావడం, 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి అటవీ ఫలసాయం కొనడం, 1960లలో ఎగువ సీలేరు జలవిద్యుత్ నిర్మాణం సాగడం, అటవీ శాఖ కాఫీ తోటలు పెంచడం దాదాపు ఒకే కాలంలో జరిగాయి. ఈ దారిన లారీలకెక్కే సరుకుల్లో ఎక్కువ భాగం చలికాలానిదే: రాజ్‌మా డిసెంబరులో, కాఫీ పళ్లు నవంబరు నుంచి జనవరి వరకు, పసుపు ఆ తరవాత చేతికొస్తాయి. కిరాయి దొరికే రోజులూ చలి ముదిరే రోజులూ ఒకటే కావడం ఈ దారి డ్రైవరు జీవితాన్ని నిర్ణయించింది.

డీజిల్ ఇంజిన్‌లో పెట్రోలు ఇంజిన్‌కు ఉన్నట్టు నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కడం వల్ల పుట్టే వేడికే నూనె అంటుకోవాలి. లోహం చల్లబడి ఉంటే ఆ వేడిని సిలిండరు గోడలే పీల్చేస్తాయి. ఆనాటి టాటా-బెంజ్ ఇంజిన్లకు అమర్చిన హీటరు ప్లగ్గులు ఇందుకోసమే: స్టార్టు చేసేముందు బ్యాటరీ కరెంటుతో అవి ఎర్రగా కాగి మంట పుట్టడానికి తోడ్పడతాయి. చలికి బ్యాటరీ శక్తి మందగించడమూ, ఇంజిన్ ఆయిలు చిక్కబడడమూ ఒకేసారి జరగడంతో, బలం చాలని సెల్ఫ్ మోటారును నమ్ముకోకుండా రాత్రి బండిని వాలులో నిలిపి, చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, తెల్లవారాక రాళ్లు తీసి జారనిచ్చి గేరులో వేసి స్టార్టు చేయడం అలవాటైంది. రేడియేటరు ముందు గోనెసంచి కట్టి ఇంజిన్ త్వరగా వేడెక్కేలా చూసేవారు. ఎండెక్కాక దాన్ని విప్పడం మరిస్తే నీళ్లు మరిగిపోతాయి కాబట్టి ఆ బాధ్యత క్లీనరుది. ఎయిర్ బ్రేకులు వచ్చాక మరో పని చేరింది: తేమగాలిని నొక్కి నింపిన ట్యాంకులో అడుగున నీరు చేరుతుంది, దాన్ని ఉదయాన్నే వదిలేయకుండా ఘాట్ దిగడం ప్రమాదకరం. సరుకుకూ ముందుజాగ్రత్త కావాలి, ఎందుకంటే ఎండబెట్టిన కాఫీ గింజలు, పసుపు కొమ్ములు మంచుకు తడిస్తే బూజు పడతాయి. కాబట్టి బరకం కట్టడం వానాకాలం పని మాత్రమే కాలేదు.

ఇంధనం విషయంలో ప్రభుత్వ ప్రమాణం చలిని గుర్తించింది. డీజిల్‌లోని మైనం చల్లబడి గడ్డకట్టి నూనె పారడం ఆగిపోయే హద్దును పోర్ పాయింట్ అంటారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 1460 ప్రకారం అది వేసవి డీజిల్‌కు 15 డిగ్రీలు, శీతాకాలపు డీజిల్‌కు 3 డిగ్రీలు మించకూడదు. లద్దాఖ్ వంటి చోట్ల ఈ హద్దు కూడా చాలదు. లంబసింగికి మాత్రం చలి మరీ ముదరని రాత్రుల్లో సరిపోతుంది.

మనిషి విషయంలో మాత్రం చట్టం సగం దూరమే వచ్చింది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం పదో సెక్షను, వాన నుంచీ చలి నుంచీ రక్షణకు యూనిఫారాలు, రెయిన్‌కోట్లు వంటివి యజమాని సమకూర్చేలా నిబంధనలు చేసే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. భారత కార్మిక చట్టాల్లో డ్రైవరు చలిని పేరు పెట్టి తలచిన అరుదైన వాక్యం అది. అయితే చట్టం ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువ కార్మికులున్న సంస్థలకే నేరుగా వర్తించేది. ఒకటి రెండు లారీలతో నడిచే చిన్న యజమానులే ఎక్కువగా ఉన్న సరుకు రవాణా రంగంలో ఈ హద్దు పెట్టడం వల్ల, రక్షణ అత్యవసరమైనవారే దానికి బయట మిగిలారు; ఇది చిన్న లోపం కాదు. ఆ బండ్ల క్యాబిన్లు కూడా చాసిస్ కొన్నాక స్థానిక వడ్రంగులు చెక్కతో కట్టినవే కావడంతో, సందుల్లోంచి గాలి వీస్తూనే ఉండేది.

రాజమహేంద్రవరం నుంచి పాడేరు, అరకుల మీదుగా విజయనగరం చేరే 516ఈ జాతీయ రహదారి వచ్చాక, లంబసింగి మంచు చూడడానికి తెల్లవారుజామునే కొండెక్కే కార్లు పెరిగాయి. ఇరుకు కొండదారిలో దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారి ఇవ్వాలన్న 1989 నాటి రోడ్డు నియమం లారీవాళ్లకు బరువు నేర్పిన పాఠం. లోడుతో ఎక్కుతూ మధ్యలో ఆగిన లారీని మళ్లీ కదిలించడం ఎంత కష్టమో తెలియని సందర్శకులకు అది తెలియజెప్పే ఏర్పాటు ఘాట్ మొదట్లోనే ఉండడం అవసరం. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేసిన నిబంధన ఎండ బాధను దృష్టిలో ఉంచుకొని వచ్చినదే అయినా, మూసిన క్యాబిన్ చలిగాలినీ ఆపుతుంది. అంతకుముందు తయారైన బండ్లకు అది వర్తించదు కనుక, వాటి మీద కాఫీ, పసుపు దింపే డ్రైవరుకు దుప్పటి కొనడం ఇప్పటికీ సొంత ఖర్చే.