మేస్త్రీ కుర్చీ హెచ్ఆర్ కుర్చీ అయిన కథ



హిందూపురం తూముకుంట వైపు, పెనుకొండ ఎర్రమంచి వైపు షిఫ్టు బస్సులెక్కే పిల్లలు ఈమధ్య నన్ను ఒకటే అడుగుతున్నారు. "అన్నా, పని చేసుకుంటూనే హెచ్ఆర్ అప్రెంటిస్‌షిప్ చేయొచ్చా?" ఒక్క మాటలో జవాబు చెప్పి వదిలేయొచ్చు. కానీ గేటు లోపలికి ఎవర్ని రానివ్వాలో తేల్చే కుర్చీ అది. దాని పుట్టుక తెలియకుండా అందులో కూర్చోవడానికి పరుగెత్తొద్దని ఈ భాగం రాస్తున్నా.

మొదట్లో ఆ కుర్చీ లేదు, మేస్త్రీ ఉండేవాడు. బొంబాయి మిల్లుల్లో జాబర్ అన్నారు, మన వైపు మేస్త్రీ. పనిలో పెట్టేది అతనే, తీసేసేది అతనే, లంచం తీసుకునేదీ అతనే, అవసరానికి అప్పిచ్చి కట్టేసుకునేదీ అతనే. మనుషుల్ని ఎక్కణ్ణుంచి తెచ్చేవాడు? తన ఊరి నుంచి, తన బంధువుల్లోంచి, తన కులంలోంచి. విట్లీ అధ్యక్షతన 1929లో వేసిన రాయల్ కమిషన్ 1931లో రిపోర్టు ఇచ్చింది. నియామకాలు జాబర్ చేతిలోంచి తీసి లేబర్ ఆఫీసర్ అనే ఉద్యోగికి ఇవ్వాలని చెప్పింది. 1936లో బొంబాయిలో టాటా వాళ్ళు పెట్టిన సోషల్ వర్క్ స్కూలు ఇలాంటి ఉద్యోగాలకు మనుషుల్ని తయారుచేసింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ కింద 500 మంది, అంతకన్నా ఎక్కువ కార్మికులుంటే వెల్ఫేర్ ఆఫీసర్ తప్పనిసరి అయ్యాడు. ఆ తర్వాత పర్సనల్ మేనేజర్ వచ్చాడు, తర్వాత హెచ్ఆర్. బోర్డు మీద పేరు మారుతూ వచ్చింది. "మనోడేనా?" అని చూసే కన్ను మాత్రం మేస్త్రీ దగ్గర్నుంచే వచ్చింది.

ఇక్కడ బాబాసాహెబ్ దగ్గరికి వెళ్ళాలి. బొంబాయి మిల్లుల్లో కూలి ఎక్కువ దొరికేది నేత ఖాతాలో. అందులోకి అంటరానివాళ్ళను రానిచ్చేవాళ్ళు కాదు. కారణం ఏం చెప్పారంటే, షటిల్‌లో కండె మార్చినప్పుడు దారం కొసను నోటితో పీల్చాలి, ఒకరు నోరు పెట్టినదానికి ఇంకొకరు నోరు పెట్టాలి. ఇది యజమాని ఒక్కడే పెట్టిన ఆంక్ష కాదు, పక్కనే నిలబడి పనిచేసే సవర్ణ కార్మికుడు పట్టుబట్టి కాపాడుకున్నది. 1928 సమ్మె రోజుల్లో అంబేద్కర్ ఈ విషయాన్ని కార్మిక నాయకుల ముందే పెట్టాడు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో దళిత రైల్వే కార్మికుల సభలోనూ ఇదే మాట్లాడాడు. రైల్వేలో మనవాళ్ళు గ్యాంగ్‌మన్‌గానే ఉండిపోతారు, పోర్టరు కూడా కాలేరు, ఎందుకంటే పోర్టరు స్టేషన్ మాస్టరు ఇంట్లో కూడా పనిచేయాల్సి వస్తుంది. ధర్మవరం జంక్షన్లో పెరిగినవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ధర్మవరం మాటొచ్చింది కాబట్టి ఇంకోటి. అక్కడి పట్టు మగ్గం దగ్గర అప్రెంటిస్ అనే మాట లేకుండానే తరాల తరబడి అప్రెంటిస్‌షిప్ నడిచింది. తండ్రి గుంత మగ్గంలో కూర్చుంటే కొడుకు పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు, పుట్టుకే అడ్మిషన్. అలాగని మనకు నేత రాదనుకోకండి. మాలలు ముతక బట్ట నేసేవాళ్ళని థర్‌స్టన్ 1909లో అచ్చేసిన పుస్తకాల్లోనే ఉంది. మగ్గం తెలుసు, పట్టు అందలేదు.

ఇక చట్టం. 1850లో ఒక అప్రెంటిస్ చట్టం తెచ్చారు. అనాథ పిల్లల్ని, పేద పిల్లల్ని పనివాళ్ళ దగ్గర ఒప్పందం మీద కట్టేసి పని నేర్పించడానికి. పదేళ్ళ పిల్లవాణ్ణి కూడా అలా కట్టేయొచ్చు. ఇప్పుడు నడుస్తున్నది 1961 చట్టం. 1973 సవరణలో 3ఎ సెక్షన్ వచ్చింది. శిక్షణ సీట్లలో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్, ప్రైవేటు యజమాని కూడా పాటించాల్సిందే. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ కోసం ఇన్నేళ్ళుగా గొంతు చించుకుంటున్నాం కదా, శిక్షణ సీటు దాకా అది చట్టంలో ఎప్పుడో ఉంది. మన సభల్లో దీని మీద ఒక్క తీర్మానం నేను వినలేదు. 2014 సవరణతో బీఏ, బీకాం లాంటి ఇంజనీరింగేతర డిగ్రీల వాళ్ళకూ తలుపు తెరిచారు. హెచ్ఆర్ అప్రెంటిస్ అన్న మాట మన పల్లెల దాకా వచ్చింది ఆ తర్వాతే. 2019 నిబంధనల్లో 30 మంది, ఆపైన ఉన్న సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలన్నారు. డిగ్రీ వాళ్ళకు నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండ్ పెట్టారు.

ఇప్పుడు పిల్లల ప్రశ్న. 18వ సెక్షన్ ఏమంటుందంటే, అప్రెంటిస్ శిక్షణ పొందేవాడు, కార్మికుడు కాదు. అంటే లైన్ మీద పర్మినెంటుగా ఉన్న పిల్ల అదే సమయంలో చట్టం ప్రకారం అప్రెంటిస్ కాలేదు. కావాలంటే ఉద్యోగం వదలాలి. ఉద్యోగంతో పాటు పీఎఫ్, ఈఎస్ఐ పోతాయి. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇస్తారన్న హామీ చట్టంలో లేదు. బ్రిటన్లో అప్రెంటిస్ అంటే ఉద్యోగే. హెచ్ఆర్ సపోర్ట్ అనే అప్రెంటిస్‌షిప్ అక్కడ జీతం తీసుకుంటూ, పనివేళల్లోనే చదువుకుంటూ చేస్తారు. ఇంట్లో నాలుగు రాళ్ళున్నవాడు ఆ స్టైపెండ్‌తో ఏడాది గడిపేస్తాడు. అమ్మ కూలికి పోతే తప్ప పొయ్యి వెలగని ఇంటి పిల్ల ఎట్లా గడుపుతుంది? అందుకే ఆ కుర్చీ దాకా మనవాళ్ళు తక్కువ మంది చేరుతున్నారు.

దీనికి పాత దారి ఒకటుంది. 1946లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ తరఫున అంబేద్కర్ బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ పెట్టినప్పుడు తరగతులు పొద్దున పూట నడిపారు, ఉద్యోగం చేసుకునే పిల్లలు చదువుకోవాలని. మన రాష్ట్రంలో 1982లో ఓపెన్ యూనివర్సిటీ మొదలైంది, దేశంలో అదే మొదటిది. 1991లో దానికి బాబాసాహెబ్ పేరు పెట్టారు. ఉద్యోగం వదలకుండా దూరవిద్యలో పీజీ చేసి, కంపెనీలోపలే టైమ్ ఆఫీసుకో హెచ్ఆర్‌కో బదిలీ అడగడం, నా దృష్టిలో మనవాళ్ళకు తక్కువ నష్టమున్న దారి. అప్రెంటిస్‌గానే చేరేవాళ్ళు ఒప్పందం రిజిస్టరైందో లేదో మొదట చూడండి. అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదని 15వ సెక్షన్ చెబుతుంది. పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలని 16వ సెక్షన్ చెబుతుంది. 3ఎ కింద మీ కంపెనీలో ఎన్ని సీట్లో సమాచార హక్కు దరఖాస్తుతో ప్రభుత్వ అధికారుల్ని అడగండి.

అంత తంటాలు పడి ఆ కుర్చీ ఎందుకంటారా? 2007లో అచ్చయిన అధ్యయనం కోసం థొరాట్, అట్టెవెల్ ఒకే అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు ఉద్యోగాలకు దరఖాస్తులు పంపారు. పై కులం పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులే. అదే ఏడాది అచ్చయిన ఇంకో అధ్యయనం కోసం జోధ్కా, న్యూమన్ హెచ్ఆర్ మేనేజర్లతోనే మాట్లాడారు. ఇంటర్వ్యూలో కుటుంబ నేపథ్యం అడగడం వాళ్ళకు మామూలు సంగతి. మీ నాన్న ఏం చేస్తాడు, ఇంట్లో ఎవరెవరున్నారు అని. కులం అడిగామని వాళ్ళు అనుకోరు.

2019లో కియా కారు పెనుకొండ నుంచి బయటికొచ్చింది. అదే ఏడాది పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని రాష్ట్రం చట్టం చేసింది. ఆ చట్టం ఏ జిల్లా అని చూస్తుంది, ఊళ్ళో ఏ వైపు అని చూడదు. అది చూసేది కుర్చీలో ఉన్న మనిషి.

వచ్చే భాగంలో ధర్మవరం కూలి మగ్గాల లెక్కలు.