బార్కస్

బార్కస్ హైదరాబాద్ పాతబస్తీకి దక్షిణాన, చాంద్రాయణగుట్ట నుంచి పహాడీ షరీఫ్‌కు వెళ్లే దారిలో ఉన్న పేట. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్బు సిపాయిల వారసులకు ఇది ముఖ్య నివాసం. దక్కనులో వీరిని చావుష్‌లంటారు. నిజాం మైసారం పటాలం బారకాసుల వల్లే పేటకు ఈ పేరు వచ్చిందని సాధారణంగా చెబుతారు. పక్కనున్న సలాలాకు ఒమన్ నగరం పేరే ఉంది.

అరబ్బుల రాక ఎప్పుడు మొదలైందన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. 18వ శతాబ్ది చివరికే కొందరు ఉన్నారని ఒక వాదం. మరాఠాల దగ్గర పనిచేసినవారు 1818లో పీష్వా పతనం తర్వాత నిజాం వైపు మళ్లారని మరొకటి. పెద్ద ఎత్తున జరిగిన వలసకు రెండోదే సరిపోతుంది. అరబ్బు జమేదార్లు సిపాయిలను నడపడంతో ఆగలేదు. జాగీర్దార్లకు అప్పులిచ్చి, బాకీ తీర్చనివారిని సొంత చెరల్లో పెట్టేవారు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ వీరి జోరు తగ్గించాడు.

ఈ హైదరాబాదు సొమ్ము హద్రమౌత్ చరిత్రనే మార్చింది. ఖుఐతీ వంశ మూలపురుషుడు ఉమర్ బిన్ అవద్ ఇక్కడి జమేదారే. ఆయనకు ప్రత్యర్థి అయిన కసీరీ వంశపు గాలిబ్ బిన్ ముహ్సిన్ కూడా నిజాం కొలువులో ఉన్నవాడే. షిహ్ర్, ముకల్లా రేవుల కోసం అక్కడ సాగిన పోరుకు ఖర్చు ఇక్కడి నుంచి వెళ్లింది. చివరికి ఖుఐతీలు గెలిచి 1967 దాకా ఏలారు. దక్కను చరిత్రలు ఈ సంగతిని ఒకటి రెండు వాక్యాలతో దాటేయడం అన్యాయం.

1948 సెప్టెంబరు పోలీసు చర్యతో నిజాం సేనలు రద్దయ్యాయి. చాలామంది అరబ్బులను నిర్బంధించారు, కొందరిని ఏడెన్‌కు పంపించేశారు. మిగిలినవారు చిన్న వ్యాపారాల్లోకి, 1970ల నుంచి గల్ఫ్ కొలువుల్లోకి మళ్లారు.

అరబ్బీ ఇళ్లలో దాదాపు వినబడదు. మాట్లాడేది దక్కనీ ఉర్దూయే. పేర్లలోని ‘బిన్’, ‘బా’, ‘అల్’ మాత్రం చెక్కుచెదరలేదు. మగవాళ్ల రోజువారీ కట్టు లుంగీ. అరబ్బు సంస్కృతి అన్నింటికన్నా గట్టిగా నిలిచింది హరీస్‌లో. గోధుమలను నానబెట్టి, మాంసంతో కలిపి గంటల తరబడి ఉడికించి, గింజా పీచూ వేరుగా కనబడనంతగా కర్రలతో మెదుపుతారు. మసాలా నామమాత్రం. పైన నెయ్యి పోస్తారు. ఉప్పుది, చక్కెరతో తినే తీపిది అని రెండు రకాలు. నగరమంతా రంజాన్ నెలలో హలీం కోసం ఎదురుచూస్తుంటే, బార్కస్‌లో మాత్రం ఏడాది పొడుగునా హరీస్ పొద్దుటి టిఫిను.

2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీం పుట్టుక గురించి పొంతన లేని కథనాలున్నాయి. ఆరో నిజాం కాలంలో అరబ్బులు తెచ్చారని ఒకటి. ఏడో నిజాం దర్బారులోని హద్రమీ ప్రముఖుడు సుల్తాన్ సైఫ్ నవాజ్ జంగ్ విందుల వల్ల పేరొచ్చిందని ఇంకొకటి. ఇరానీ హోటళ్లవారే 1950లలో మొదలుపెట్టారని మూడోది. మూడోది అమ్మకానికి సంబంధించినది మాత్రమే కావచ్చు. వంటకం మూలం హరీస్ అనడమే సమంజసం. మందీ సంగతి వేరు. ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని తినే ఈ మాంసం అన్నం హోటళ్లలోకి వచ్చింది ఇటీవలే. ఇప్పుడది విజయవాడలోనూ మామూలే.

పెళ్లిళ్లలో వాయించే మర్ఫా మూలంపైనా వివాదముంది. డప్పులు, లోహపు బిందెలు, కర్రల మోతకు కత్తులు తిప్పుతూ ఆడతారు. నిజాం ఆఫ్రికన్ అశ్వదళపు సిద్దీలే దీన్ని తెచ్చారని ఎక్కువమంది అంటారు, హద్రమీల వాటాను కొందరు ముందుంచుతారు. రెండు జాతుల సిపాయిలూ ఒకే కొలువులో ఉన్నారు కనుక ఉమ్మడి ఆస్తి అనుకోవచ్చు. తెలుగువారి ఊరేగింపుల్లోని తీన్‌మార్ దరువు దీని నుంచే వచ్చిందంటారు.

ఈ రెండు జాతులను చట్టం మాత్రం వేరుగా చూసింది: 2007 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం ముస్లింలలో వెనుకబడిన వర్గాల బీసీ-ఇ జాబితాలో సిద్దీలను చేర్చి, అరబ్బులను పేరు పెట్టి మినహాయించింది.